గంటల లెక్కలో వైద్యుని చదువు

వైద్యుని గదిలో గోడకు వేలాడే పట్టాను రోగులు గౌరవంగా చూస్తారు. కళాశాల పేరు చదువుతారు, డిగ్రీలు లెక్కపెడతారు. కింద చిన్న అక్షరాలలో ఉండే సంవత్సరాన్ని గమనించేవారు అరుదు. నా తరం వైద్యులు పట్టా పుచ్చుకున్నది 1970వ దశకంలో. ఆనాటికి ఎయిడ్స్ అనే వ్యాధి ఉన్నదని లోకానికి తెలియదు. జీర్ణాశయపు పుండ్లకు మూలం ఆమ్లమూ, కారమూ, మనోవ్యాకులతా అని మేము చదువుకున్నాము. 1980వ దశకంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా వైద్యులు హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవిని చూపించేంతవరకు అదే శాస్త్రం. ఆ పట్టాతోనే మాలో చాలామందిమి 2000 సంవత్సరం దాటి కూడా వైద్యం చేశాము. ఆ ముప్ఫై ఏళ్లలో కొత్తగా నేర్చుకున్నది ఎక్కడ? నేర్చుకున్నామో లేదో చూసినవారు ఎవరు?

దీనినే నేడు నిరంతర వైద్య విద్య అంటున్నారు. మరికొంత విస్తృతమైన అర్థంలో నిరంతర వృత్తి వికాసం అంటున్నారు. వైద్యుడు ఏ పని చేస్తే అది నేర్చుకోవడం కింద లెక్కకు వస్తుంది, ఏది రాదు అన్న ప్రశ్నకు దేశదేశాలలో నియమావళులు ఉన్నాయి, క్రెడిట్లు అనే నాణేలు ఉన్నాయి. ఆ నాణేలు ఎలా ముద్రితమయ్యాయో పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం. ఇది వైద్యుల ఇంటి గొడవే కదా అని మీరు అనుకోవచ్చు. కాని వైద్యుని చదువు ఆగిపోతే నష్టపోయేది వైద్యుడు కాడు.

పాతకాలపు మాట ఒకటి ముందు చెప్పాలి. చరక సంహితలోని విమానస్థానంలో వైద్యునికి జ్ఞానం కలిగే ఉపాయాలు మూడు చెప్పారు. అధ్యయనం ఒకటి, అధ్యాపనం రెండవది, అదే విద్య తెలిసినవారితో సంభాషణ మూడవది. దానికి తద్విద్య సంభాష అని పేరు. అందులో మళ్లీ రెండు రకాలు: స్నేహంగా సాగే చర్చ, గెలుపు కోసం సాగే వాదం. మొదటి దానిలో తన సందేహాన్ని నిస్సంకోచంగా ఎదుటివాని ముందు పెట్టవచ్చునని చరకుని అభిప్రాయం. అన్నీ మనవాళ్లు ముందే చెప్పారని చాటడానికి ఈ ప్రస్తావన తేలేదు. ఆ ధోరణి నాకు నచ్చదు. అయితే నేటి క్రెడిట్ల పట్టికలను తెరిచి చూస్తే చదవడం, బోధించడం, తోటివారితో చర్చించడం అనే ఈ మూడే వేరువేరు పేర్లతో కనిపిస్తాయి. మూడవదానికి ఏమి జరిగిందన్నదే ఈ చరిత్రలో ఆసక్తికరమైన భాగం.

ఆధునిక వైద్యంలో ఈ సంభాష మొదలైన చోటు ఒక రొట్టెల దుకాణం పైగది. లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి ద్వారం దగ్గర అటువంటి గదిలో వైద్యులు కొందరు చేరి పత్రికలు చదువుకునేవారని సర్ జేమ్స్ పాజెట్ తన జ్ఞాపకాలలో రాసుకున్నారు. అది 1835 తరువాతి కాలం. 1875లో విలియం ఆస్లర్ కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జర్నల్ క్లబ్ అనే పేరుతో ఇటువంటిదే నెలకొల్పారు. కారణం మహోన్నతమైనదేమీ కాదు. యూరప్ నుంచి వచ్చే వైద్య పత్రికల చందా ఒక్కరు భరించలేనిది, నలుగురు కలిస్తే భరించగలిగినది. మా రోజులలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే వైద్యునికి కూడా ఇదే పరిస్థితి. పత్రిక ఒక్కటి వస్తే అది తాలూకా అంతా తిరిగి, అట్ట ఊడిపోయి తిరిగి వచ్చేది.

ఆస్లర్ ఇంకొక మాట కూడా అనేవారు. పట్టణానికి దూరంగా వైద్యం చేసుకునే వైద్యుడు అయిదేళ్లకు ఒకసారి పెద్ద ఆసుపత్రికి తిరిగి వెళ్లి మెదడుకు పట్టిన దుమ్ము దులుపుకోవాలని ఆయన సలహా. నేటి నియమావళులలో అయిదేళ్ల గడువు పదేపదే కనిపించడం యాదృచ్ఛికమో కాదో గాని, ఆ మాటను అక్షరాలా ఆచరించిన వైద్యుడు ఒకరు మన సికింద్రాబాద్ చరిత్రలో ఉన్నారు.

రొనాల్డ్ రాస్ పేరు తెలియని తెలుగువారు ఉండరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన సైనిక వైద్యుడు ఆయన. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ఎలా చదువుకున్నారన్నది అంతగా తెలియని సంగతి. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన రాస్‌కు తొలి రోజులలో వైద్యం మీద పెద్ద మక్కువ లేదు. పద్యాలు, నవలలు, గణితం ఆయన వ్యాపకాలు. 1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు ప్రజారోగ్యంలో డిప్లొమా చేసి, క్లైన్ అనే ఆచార్యుని దగ్గర సూక్ష్మజీవశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక కూడా మలేరియాకు పరాన్నజీవి కారణమన్న లావెరాన్ సిద్ధాంతాన్ని ఆయన నమ్మలేదు. పేగులలో పుట్టే విషమే జ్వరానికి కారణమని వాదిస్తూ వ్యాసాలు రాశారు.

ఆయన అభిప్రాయం మారినది 1894లో, రెండవ సెలవులో. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయనను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, మలేరియా రోగి రక్తంలో ఆ జీవిని కంటికి చూపించారు. పుస్తకాలలో చదివి నమ్మనిదానిని పక్కన ఒక గురువు కూర్చుని చూపిస్తే నమ్మారు. భారతదేశానికి తిరిగి వచ్చిన తరువాత రాస్ మాన్సన్‌కు వందకు పైగా ఉత్తరాలు రాశారు. ఇవాళ ఏమి చూశాను, ఎక్కడ చిక్కుపడ్డాను, దీనికి అర్థమేమిటి అని. మాన్సన్ సమాధానాలు కొన్ని సరైన దారి చూపాయి, కొన్ని తప్పుదారి పట్టించాయి కూడా. దోమ చచ్చిన నీటిని తాగడం వలన మలేరియా వస్తుందేమోనన్నది మాన్సన్ ఊహ. అయినా ఆ సంభాష ఆగలేదు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చి, ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తున్న రోజులలో రాస్ వెనుక రెండు సంవత్సరాలకు పైబడిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నాయి. నేటి నియమాలలో ఆ ఉత్తరాలకు ఒక్క క్రెడిట్ కూడా రాదు. 1888 నాటి డిప్లొమాకు మాత్రం వస్తుంది.

అదే జంటనగరాలలో, అదే దశాబ్దంలో, దీనికి పూర్తిగా ఎదురైన కథ ఒకటి నడిచింది. హైదరాబాద్ మెడికల్ స్కూలుకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం ఇవ్వడంలో అందెవేసిన చేయి. ఎడింబరోలో తన గురువు సైమ్ దగ్గర నేర్చుకున్న సూత్రం ఆయనకు వేదం: క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాసను చూడు, నాడిని చూడనవసరం లేదు, ఈ మందు గుండెను నేరుగా దెబ్బతీయదు. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్, 1889లో రెండవ కమిషన్ హైదరాబాద్‌లో జరిగాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించారు. రెండవసారి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు సందేహంతో వచ్చి, వందలాది జంతువుల మీద ప్రయోగాలు చూసి, లారీతో ఏకీభవించి వెళ్లారు. అంతర్జాతీయ వైద్య పత్రికలలో హైదరాబాద్ పేరు మారుమోగింది.

కాని రోగులు చనిపోతూనే ఉన్నారు. క్లోరోఫాం మొదలుపెట్టిన కొద్ది క్షణాలలో, శ్వాస ఆడుతూ ఉండగానే హఠాత్తుగా గుండె ఆగిపోయిన ఉదంతాలు ఇంగ్లండు నుంచి వస్తూనే ఉన్నాయి. అవి మందు ఇచ్చినవారి అజాగ్రత్త అని లారీ తోసిపుచ్చేవారు. తన చేతిమీద జరిగిన వేల శస్త్రచికిత్సలే ఆయనకు ప్రమాణం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు తక్కువ మోతాదు క్లోరోఫాంలో ఉన్న పిల్లులకు గుండె లయ తప్పి ప్రాణం పోతుందని నిరూపించారు. అప్పటికి లారీ హైదరాబాద్ విడిచి వెళ్లి పదేళ్లయింది.

లారీ సోమరి కాదు, అజ్ఞాని కాదు. విద్యార్థులకు శ్రద్ధగా బోధించారు, ప్రయోగాలు చేశారు, వ్యాసాలు రాశారు. నేటి లెక్కన ఆయన ఖాతాలో క్రెడిట్లు పొంగిపొర్లేవి. తన అనుభవానికి విరుద్ధమైన ఉదంతాన్ని ఎదురుగా పెట్టుకుని పరిశీలించే అలవాటు మాత్రం ఆయనకు లేకపోయింది. నేను చదివినంతలో, వైద్యుని కొనసాగింపు విద్యలో అత్యంత కష్టమైన పాఠం ఇదే.

ఈ పాఠాన్ని కాగితం మీద పెట్టే పని దాదాపు అదే సమయంలో అమెరికాలో మొదలైంది. 1894లో బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్మన్, హార్వీ కుషింగ్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఈథర్ మత్తులో ఉన్న రోగి నాడిని ఎప్పటికప్పుడు చూసి పట్టిక గీయడం ప్రారంభించారు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తువైద్యుడు నింపే పత్రానికి పూర్వజన్మ అదే. కుషింగ్ మెదడు శస్త్రచికిత్సకు పితామహుడయ్యారు. కాడ్మన్ మరొక దారి పట్టారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన ప్రతి రోగినీ ఏడాది తరువాత మళ్లీ పిలిచి చూడాలి, బాగుపడ్డాడా లేదా రాయాలి, బాగుపడకపోతే ఎందుకో రాయాలి. దీనిని ఆయన అంతిమ ఫలిత పద్ధతి అన్నారు. తాను పనిచేసే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఇందుకు అంగీకరించలేదు. అక్కడ పదోన్నతి ఫలితాలను బట్టి కాక వయసును బట్టి వస్తుందని నిరసించి, 1914లో రాజీనామా చేశారు. మరుసటి ఏడాది ఒక వైద్య సభలో బోస్టన్ వైద్యులను ఇసుకలో తల దూర్చిన ఉష్ట్రపక్షితో పోల్చే వ్యంగ్యచిత్రాన్ని ఆవిష్కరించి అందరికీ దూరమయ్యారు.

ఆయన సొంతంగా నడిపిన చిన్న ఆసుపత్రి నుంచి 1911-1916 మధ్య 337 మంది రోగులు ఇంటికి వెళ్లారు. వారి చికిత్సలో 123 పొరపాట్లు జరిగాయని కాడ్మన్ తానే లెక్కగట్టి, పుస్తకంగా అచ్చువేయించి పంచిపెట్టారు. పొరపాటు జ్ఞానలోపం వలన జరిగిందా, నిర్ణయలోపం వలనా, నైపుణ్య లోపం వలనా, పరికరాలు లేకనా అని విభజించారు. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం పొరపాట్ల సంఖ్యను చూసి కాదు. వాటిని అచ్చులో చూసి. మన ప్రైవేటు ఆసుపత్రులలో ఎవరైనా నేడు ఇటువంటి పుస్తకం వేస్తారా అన్నది పాఠకులే ఊహించుకోవచ్చు.

అదే ఆసుపత్రిలో రిచర్డ్ కాబట్ చేసిన పని మాత్రం నిలిచింది. మరణించిన రోగి వివరాలను సభ ముందుంచి, వైద్యుడు తన రోగ నిర్ణయాన్ని బహిరంగంగా చెప్పిన తరువాత, శవపరీక్షలో తేలిన నిజాన్ని బయటపెట్టే సదస్సులను ఆయన 1910 ప్రాంతంలో ప్రారంభించారు. వాటి పాఠం నేటికీ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వస్తూనే ఉంది. మన బోధనాసుపత్రులలో సి.పి.సి. అనేది ఇదే. నా విద్యార్థి దశలో ఆ సభలో ఎంతో పేరున్న ఆచార్యులు కూడా పాథాలజీ ఆచార్యుని నోటి వైపు ఆత్రంగా చూడడం గుర్తున్నది.

ఇంతవరకు ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. లెక్క ప్రారంభమైనది 1947లో. ఆ ఏడాది ఏర్పడిన అమెరికా సాధారణ వైద్యుల అకాడమీ ఒక నియమం పెట్టుకుంది: సభ్యత్వం నిలవాలంటే మూడేళ్లలో 150 గంటల విద్య. ఆనాటి ఉద్దేశం ఎంతో మంచిది. నిపుణుల ముందు చిన్నచూపుకు గురవుతున్న సాధారణ వైద్యుడు, నేనూ చదువుతున్నాను అని చూపించుకునే మార్గం అది. 1968లో అమెరికా వైద్య సంఘం క్రెడిట్ల ఆధారంగా ఒక గుర్తింపు పత్రం ఇవ్వసాగింది. 1971లో న్యూ మెక్సికో రాష్ట్రం వైద్యుని లైసెన్సు కొనసాగాలంటే ఈ విద్య తప్పనిసరి అని చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. స్వచ్ఛందంగా వచ్చిన గంట ఇరవై నాలుగేళ్లలో చట్టమైంది.

బ్రిటన్‌లో గంట వెంట డబ్బు వచ్చింది. 1990లో కుటుంబ వైద్యులకు కొత్త ఒప్పందం ప్రకారం, ఏడాదికి అయిదు రోజులు గుర్తింపు పొందిన తరగతులకు హాజరైతే ప్రత్యేక భత్యం. వైద్యులు హాజరయ్యారు. తరగతులు నిర్వహించే సంస్థలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. మధ్యాహ్న భోజనం, ఒక ఉపన్యాసం, ఒక సంతకం. తనకు బాగా తెలిసిన విషయం మీద జరిగే సభకే వైద్యుడు వెళతాడు; తెలియనిదాని వైపు కాలు కదలదు.

ఇది నా వెక్కిరింత కాదు, పరీక్షించి తేల్చిన సంగతి. కెనడాలోని ఒంటారియోలో 16 మంది కుటుంబ వైద్యులతో జరిగిన ప్రయోగం 1982లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వెలువడింది. ముందుగా, ఏ విషయాలు నేర్చుకోవాలని ఉందో వారినే అడిగారు. తరువాత చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా వారిని రెండుగా విడదీసి, సగం మందికే విద్యా సామగ్రి అందించారు. 4500కు పైగా చికిత్సా సందర్భాలను ముందూ వెనుకా పరిశీలించారు. పరీక్ష పెడితే వైద్యులు చక్కగా నేర్చుకున్నట్టే తేలింది. రోగికి అందిన వైద్యంలో మాత్రం మొత్తం మీద పెద్ద మార్పు లేదు. తమకు ఇష్టమైన విషయాలలో, సామగ్రి అందినవారూ అందనివారూ ఒకేలా మెరుగయ్యారు. ఇష్టం లేని విషయాలలోనే సామగ్రి అందినవారు ముందంజ వేశారు. చదవాలనిపించనిదే చదవవలసినదని దీని అర్థం. ఇటువంటి నియమాన్ని ఏ దేశపు క్రెడిట్ల పట్టికలోనూ నేను చూడలేదు.

1995లో డేవ్ డేవిస్ బృందం ఇటువంటి 99 ప్రయోగాలను ఒకచోట చేర్చి సమీక్షించింది. 1999లో మళ్లీ సభలు, తరగతులను మాత్రమే విడిగా చూసింది. కూర్చుని వినే ఉపన్యాసం వైద్యుని ఆచరణను మార్చినట్టు ఆధారం దొరకలేదు. వైద్యులు చేతితో చేసి, మాట్లాడి, కొన్నాళ్ల తరువాత మళ్లీ కలుసుకున్న తరగతులు కొంత ఫలించాయి. 2005లో మరొక సమీక్ష ఇంకా నిష్ఠురమైన మాట చెప్పింది. వైద్యుని అనుభవానికీ, చికిత్స నాణ్యతకూ సంబంధాన్ని చూసిన 62 పరిశీలనలలో సగానికి పైగా, ఏళ్లు గడిచేకొద్దీ నాణ్యత తగ్గుతున్నట్టు చూపాయి. తల నెరసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలని మన పల్లెలలో పెద్దలు అంటారు. ఆ నమ్మకం వలన నేనూ లాభపడినవాడినే కనుక ఈ సంగతి చెప్పడం నా బాధ్యత.

చదువు ఆలస్యమైతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చాలు. నెలలు నిండకుండా కాన్పు వచ్చే సూచన ఉన్న తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజీలాండ్‌కు చెందిన లిగ్గిన్స్, హోవీ 1972లోనే ప్రయోగపూర్వకంగా చూపించారు. చవకైన మందు. తరువాత మరికొన్ని ప్రయోగాలు అదే చెప్పాయి. అయినా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు దీనిని విస్తృతంగా వాడమని గట్టిగా చెప్పినది 1994లో. ఆ 22 ఏళ్లలో ప్రసూతి వైద్యులు ఎన్ని సభలకు వెళ్లి ఉంటారు! ఊపిరి అందక పోయిన పసికందుల జ్ఞాపకార్థమా అన్నట్టు, వైద్య ఆధారాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ తన చిహ్నంలో ఆ ప్రయోగాల ఫలితాల రేఖలనే పెట్టుకుంది.

బ్రిటన్‌కు కనువిప్పు వేరే దారిలో కలిగింది. బ్రిస్టల్ నగరంలో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సలలో మరణాలు మిగతాచోట్ల కంటే ఎక్కువగా ఉన్నా ఏళ్ల తరబడి ఎవరూ ఆపలేదు. స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తువైద్యుడు లెక్కలు రాసి చూపినా చెవిన పెట్టలేదు. 2001లో ఇయాన్ కెన్నెడీ విచారణ నివేదిక వచ్చింది. హరాల్డ్ షిప్‌మన్ అనే కుటుంబ వైద్యుడు తన రోగులను హతమార్చిన ఉదంతం మీద విచారణ మరొకటి. వీటి తరువాత ఎన్నో వాదోపవాదాలు జరిగి, 2012 డిసెంబరులో ప్రతి వైద్యుడూ అయిదేళ్లకు ఒకసారి తన అర్హతను తిరిగి నిరూపించుకునే విధానం అక్కడ అమలులోకి వచ్చింది. అందులో తరగతుల గంటలు ఆరింట ఒక భాగమే. మిగతా అయిదు: తన పనిని మెరుగుపరచుకునేందుకు చేసిన పరిశీలన, జరిగిన ముఖ్య సంఘటనల సమీక్ష, సహోద్యోగుల అభిప్రాయం, రోగుల అభిప్రాయం, ఫిర్యాదులూ ప్రశంసలూ. అమెరికాలోనూ, వైద్యుడు తన రోగుల రికార్డులను తానే తిరగేసి, లోపం కనిపెట్టి, దిద్దుకుని, మళ్లీ కొలిచి చూస్తే 20 క్రెడిట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. కాడ్మన్‌ను వెళ్లగొట్టిన ఆలోచనకే తొంభై ఏళ్ల తరువాత మార్కులు పడ్డాయి.

ఇక మన సంగతి. 1946 నాటి భోర్ కమిటీ నివేదికలోనే, వృత్తిలో ఉన్న వైద్యులకు పునశ్చరణ తరగతులు కావాలని ఉంది. 1960వ దశకంలో భారతీయ వైద్య సంఘం సాధారణ వైద్యుల కోసం ఒక కళాశాలను ఏర్పరచింది. నియమం మాత్రం 2002లో వచ్చింది. ఆనాటి భారతీయ వైద్య మండలి ప్రవర్తనా నియమావళి ప్రకారం, వైద్యుడు అయిదేళ్లలో కనీసం 30 గంటలు వృత్తి సంబంధ సభలలో పాల్గొనాలి. ముప్ఫై గంటలంటే 1800 నిమిషాలు. అయిదేళ్లంటే 1826 రోజులు. రోజుకు ఒక నిమిషం కూడా లేదు. ఈ నిమిషాన్ని కూడా అందరూ పూర్తి చేయలేదు; కొన్ని రాష్ట్రాల మండళ్లు రిజిస్ట్రేషన్ నవీకరణతో ముడిపెట్టిన తరువాతే చాలామందికి గుర్తుకు వచ్చింది.

సభల ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నది మరొక ప్రశ్న. ప్రభుత్వ వైద్యునికి కొత్త మందుల సమాచారం తెచ్చేది చాలాకాలం మెడికల్ రిప్రజెంటేటివే. ఆ కుర్రవాళ్లు మర్యాదస్తులు, కష్టజీవులు. వారి మీద నాకు కోపం లేదు. కాని తన కంపెనీ మందు అవసరం లేదని చెప్పే కరపత్రాన్ని ఎవరూ తేలేరు కదా. నేను హాజరైన ఒక సభలో ఉదయం హాజరు పట్టీ దగ్గర తోపులాట, భోజనం తరువాత హాలులో వక్తా, అధ్యక్షుడూ, నిద్రపోతున్న ఇద్దరూ. ధ్రువపత్రం అందరికీ ఒకటే. 2009లో వైద్య మండలి నియమాలను సవరించి, కంపెనీల నుంచి బహుమతులూ, సభలకు వెళ్లేందుకు ప్రయాణ సౌకర్యాలూ వైద్యులు తీసుకోరాదని చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఔషధ విక్రయాల ప్రవర్తనా నియమావళి, కంపెనీలు విదేశాలలో ఇటువంటి సభలు పెట్టడాన్ని నిషేధించింది.

ప్రభుత్వ సేవలో ఉన్నవారికి మరొక బడి ఉండేది. దానిని ఎవరూ నిరంతర విద్య అని పిలవలేదు. కుష్ఠు వ్యాధికి బహుళ ఔషధ చికిత్స వచ్చిన 1980వ దశకంలో మాకు శిక్షణ ఇచ్చారు. ఉపన్యాసం అరపూటే. మిగతా సమయమంతా రోగుల మధ్య. మోచేతి వెనుక నరాన్ని వేళ్లతో తడిమి, ఉబ్బిందో లేదో చెప్పాలి. వెంటనే శిక్షకుడు అదే నరాన్ని తడిమి అవుననో కాదనో అంటాడు. రోగి అందరి వేళ్లనూ ఓర్పుగా భరించేవాడు. కొన్ని నెలల తరువాత పర్యవేక్షకుడు మన కేంద్రానికి వచ్చి, మనం నమోదు చేసిన రోగులనే మళ్లీ పరీక్షించేవాడు. నలభై ఏళ్లు గడిచినా ఆ నరం నా వేళ్లకు తెలుసు. అదే దశాబ్దంలో విన్న ఉపన్యాసాలలో ఒక్కదాని శీర్షికైనా జ్ఞాపకం లేదు.

2020లో వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2023 ఆగస్టు 2న అది కొత్త నియమావళిని ప్రకటించింది. పేరు మారి వృత్తి వికాసమైంది. అయిదేళ్లకు 30 అన్న అంకె అలాగే ఉంది. మందులను జనరిక్ పేర్లతో రాయాలన్న నిబంధన మీద, కంపెనీల సభల మీద పెట్టిన ఆంక్షల మీద వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పడంతో, ఆ నెల 23ననే నియమావళిని నిలిపివేశారు. మూడు వారాల ఆయుష్షు. 2002 నాటి 30 గంటలే మళ్లీ అమలులోకి వచ్చాయి.

నేను పదవీ విరమణ చేసిన తరువాత, 2010లో, కేంద్ర ఆరోగ్య శాఖ మాతృమరణాల సమీక్షకు మార్గదర్శకాలు విడుదల చేసింది. గర్భంతోగాని ప్రసవానంతరంగాని తల్లి మరణిస్తే, ఆసుపత్రిలో ఏమి జరిగిందో వైద్యులు సమీక్షించాలి. ఊరిలో కుటుంబ సభ్యులను అడిగి మరణకథనం సేకరించాలి. వాహనం కోసం ఎంతసేపు చూశారు, ఎన్ని ఆసుపత్రులు తిప్పి పంపాయి, రక్తం ఎప్పుడు దొరికింది అన్నీ అందులో రాస్తారు. కొన్ని మరణాలను జిల్లా కలెక్టర్ స్వయంగా సమీక్షిస్తారు. ఆ సమావేశానికి మరణించిన తల్లి బంధువులను కూడా పిలిపించి, వారి మాట వింటారు. ఎవరినీ శిక్షించడానికి కాదని, మరొక తల్లి విషయంలో అది జరగకుండా చూడడానికని మార్గదర్శకాలలో స్పష్టంగా ఉంది. ఒక ప్రసూతి వైద్యురాలు తాను చూసిన రోగి భర్తకు ఎదురుగా కూర్చుని, రక్తస్రావం మొదలైన నిమిషం నుంచి ఏమేమి చేశామో క్రమంగా చెప్పవలసిన సమావేశమది. నిరంతర వైద్య విద్య కింద అది లెక్కకు రాదు. బయటికి వచ్చేటప్పుడు ధ్రువపత్రం ఇవ్వరు.